వార్షిక నివేదిక: టైఫాయిడ్ నివారణలో మన సంఘం

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారాలు.

సంఘ ఆశయాలు మీకు తెలిసినవే కనుక వాటిని మళ్లీ ఏకరువు పెట్టడం లేదు. వర్షాలు మొదలయ్యాక మన వీధుల్లో వరుసగా టైఫాయిడ్ కేసులు బయటపడటంతో, వేడుకలను కుదించి కార్యవర్గం తన దృష్టినంతా తాగునీటిపైనే పెట్టింది.

ఈ ఏడాది సగర్వంగా చెప్పుకోదగినది కుళాయి నీటి పరీక్ష. రోగి మలంతో బయటికి వచ్చే సాల్మొనెల్లా టైఫీ క్రిములు మురుగు కలిసిన నీటి ద్వారానో, శుభ్రం లేని చేతులు తాకిన ఆహారం ద్వారానో ఇతరులను చేరతాయి కనుక, వీధి చివరి కుళాయిలో సైతం క్రిములను చంపే క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి. చిన్న గాజు గొట్టంలో నీరు పట్టి రసాయనం చుక్కలు వేసినప్పుడు ట్యాంకు దగ్గర క్లోరిన్ ఉందని తెలిపే చక్కటి పసుపు రంగు తేలింది గానీ, చివరి కుళాయి దగ్గర ఎంతసేపు చూసినా రంగు మారలేదు. పైపు వెంట వెతుక్కుంటూ వెళ్లిన మన సభ్యులకు మురుగు కాలువలో మునిగిన ఒక అతుకు కనిపించింది. సరఫరా ఆగి పైపులో ఒత్తిడి పడిపోయినప్పుడల్లా అటువంటి సందు మురుగును లోపలికి లాగుతుంది. ఫొటోలతో సహా వినతిపత్రం ఇచ్చినా, సంబంధిత అధికారులు "పరిశీలిస్తాం" అన్న మాటతోనే నెలలు గడిపారు. అతుకు మార్చేసరికి వర్షాకాలం ముగిసింది.

అవగాహన సదస్సులో వైద్యులు చెప్పినవాటిలో ముఖ్యమైనవి రాకపోయినవారి కోసం ఇక్కడ పొందుపరుస్తున్నాను. టైఫాయిడ్ క్రిములపై శరీరం తయారుచేసే ప్రతిరక్షకాలను రక్తంలో వెతికే 1896 నాటి విడాల్ పరీక్ష పాత జ్వరానికీ పాజిటివ్ చూపవచ్చు కాబట్టి దానిమీదే ఆధారపడకుండా, యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే బ్లడ్ కల్చర్ (రక్తంలోని క్రిములను ల్యాబ్‌లో పెంచి గుర్తించే పరీక్ష) చేయించడం మేలు. జ్వరం తగ్గిందని మందులు మధ్యలో ఆపితే వ్యాధి తిరగబెట్టవచ్చు, క్రిములు మందులకు లొంగకుండా పోయే ప్రమాదమూ ఉంది. చికిత్స అందకపోతే మూడో వారానికి పేగుకు రంధ్రం పడి ప్రాణం మీదికి రావచ్చు. కోలుకున్న కొందరి పిత్తాశయంలో క్రిములు ఏళ్ల తరబడి నిలిచిపోతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2019లో సుమారు 90 లక్షల మందికి టైఫాయిడ్ సోకగా, 1,10,000 మంది మరణించారు. ఆరు నెలల వయసు నుంచే ఇవ్వదగిన టైఫాయిడ్ కాంజుగేట్ టీకా (క్రిమి పైపొర పదార్థాన్ని ప్రోటీన్‌తో జతచేసి తయారుచేసిన టీకా) గురించి తల్లిదండ్రులు అడిగిన ప్రశ్నలతోనే గంటకు పైగా గడిచింది.

ఉచితంగా వచ్చిన వైద్యులకు, నీటి పరీక్ష నేర్పిన ల్యాబ్ టెక్నీషియన్‌కు, ఇంటింటికీ తిరిగిన మహిళా సభ్యులకు, నమూనాలు మోసిన విద్యార్థులకు, హాలు, మైకు సమకూర్చిన దాతలకు సంఘం తరఫున హృదయపూర్వక కృతజ్ఞతలు. సర్వసభ్య సమావేశంలో చేతులెత్తి పేర్లు రాయించుకున్న వాలంటీర్లలో చాలామంది పరీక్ష రోజున ఫోన్ కూడా ఎత్తలేదన్న సంగతి రాయక తప్పడం లేదు.

ఖర్చు వసూళ్లకు లోబడే జరిగింది, ఆడిట్ అయిన లెక్కలు కోశాధికారి వద్ద చూడవచ్చు.

వచ్చే ఏడాది చివరి కుళాయిలన్నింటినీ ప్రతి నెలా పరీక్షించాలని కార్యవర్గం తీర్మానించింది. వీధికి ఇద్దరు చొప్పున కావాలి. నిజంగా రాగలిగినవారే పేర్లు ఇవ్వవలసిందిగా మనవి.

ఇట్లు,
కార్యదర్శి