డీటీపీ షాపుల సంగతి కూడా రాయండి

సంపాదకుల వారికి నమస్కారం.

కొత్త ఫోన్లు, కొత్త యాప్‌ల గురించి మీ పత్రికలో తరచూ చదువుతున్నాం, సంతోషం. కానీ మీ పాఠకుల్లో డీటీపీ, అంటే కంప్యూటర్‌లో అచ్చు పేజీలు కూర్చే పని, చేసుకుని బతికేవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళకిప్పుడు పెద్ద టెన్షన్ వచ్చిపడింది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ఆపేసింది. విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు కావాలంటుంది, పాత సిస్టమ్‌లు చాలావాటిలో అది ఉండదు. పోనీ కొత్త సిస్టమ్ కొందామంటే, ఇన్నాళ్ళూ అన్నం పెట్టిన, పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్, దానితో వాడే తెలుగు ఫాంట్లు అందులో నడుస్తాయా అని భయం. మా పర్లాకిమిడిలోనూ, సరిహద్దు దాటితే వచ్చే పాతపట్నంలోనూ నాకు తెలిసిన షాపుల వాళ్ళు పాత కంప్యూటర్‌కి నెట్ తీసేసి ఒక మూల అలాగే ఉంచుకుంటున్నారు. అది కాస్తా పోతే ఏం చేస్తారు?

పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, విండోస్ ఎక్స్‌పీ కంటే కొన్ని నెలల ముందు. ఆ తర్వాత దాని కంపెనీ అడోబీ దాన్ని పక్కన పెట్టేసి అందర్నీ తన ఇంకో సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌కి మారమంది. అయినా మనవాళ్ళు వదల్లేదంటే దాన్ని బద్ధకం అనకండి. శుభలేఖలు, బిల్లు బుక్కులు, స్కూలు ప్రశ్నపత్రాలు అన్నీ ఆ ఫైళ్ళలోనే ఉన్నాయి, వేళ్ళు ఆ కీబోర్డుకే అలవాటుపడ్డాయి.

మా గజపతి జిల్లాలో ఒక్కోసారి ఒకే కార్డు మీద తెలుగూ ఒడియా రెండూ వెయ్యాలి. మగపెళ్ళివారు శ్రీకాకుళం వైపు వాళ్ళు, ఆడపెళ్ళివారు ఒడియా వాళ్ళు అనుకోండి, ఎవరి పేర్లు వాళ్ళ లిపిలో ఉండాలి కదా. పాత ఫాంట్లలో మనం చూసే తెలుగు అక్షరం కంప్యూటర్ లెక్కలో ఏదో ఒక ఇంగ్లిష్ అక్షరమో గుర్తో, దాని మీద తెలుగు బొమ్మ అతికించారంతే, పాతకాలపు ఒడియా ఫాంట్లదీ అదే పద్ధతి, అవే స్థానాలు. ముహూర్తాల సీజన్‌లో హడావుడిగా మొత్తం సెలెక్ట్ చేసి ఫాంట్ మార్చారా, పెళ్ళికొడుకు తాతగారి పేరు అర్థంలేని ఒడియా ముక్కలైపోతుంది. అదే మ్యాటర్‌ని కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలిసిన కలగాపులగం వస్తుంది. ప్రపంచమంతా వాడే యూనికోడ్ అనే పద్ధతిలో ఈ బాధ లేదు, తెలుగు స్థానాలు వేరు, ఒడియా స్థానాలు వేరు. కాబట్టి సాఫ్ట్‌వేర్ ఏదైనా సరే, ముందు మారాల్సింది ఫాంట్ పద్ధతి.

యూనికోడ్‌లో కొడితే ఒత్తులు విడిపోతాయని ఇప్పటికీ చాలామంది అంటారు, ఒకప్పుడు అది నిజమే. ఇన్‌డిజైన్‌లో 2012 నాటి సీఎస్6 నుంచి మన లిపులు కుదురుతున్నాయి, కాకపోతే పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోవాలి, అది తెలీక ఒత్తులు చెల్లాచెదురైతే ఫాంట్‌ని తిట్టుకుంటారు. ఇన్‌డిజైన్‌కి నెలనెలా చందా కట్టలేని వాళ్ళకి స్క్రైబస్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ ఉంది, పూర్తిగా ఉచితం, విండోస్, మ్యాక్, లినక్స్ (విండోస్ బదులు వేసుకునే ఉచిత సిస్టమ్) మూడింటిలోనూ నడుస్తుంది. దాని పాత 1.4లో తెలుగు కుదిరేది కాదు. 2024 జనవరిలో వచ్చిన 1.6లో ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చుంటాయి. ఎక్కించగానే లక్ష్మి, స్త్రీ, జ్ఞానం, రాష్ట్రం అని కొట్టి చూడండి, పొల్లు విడిగా కనబడితే పాత వెర్షన్ ఉన్నట్టే.

విండోస్‌లో స్క్రైబస్‌తో పాటు ఘోస్ట్‌స్క్రిప్ట్ అనే తోడు ప్రోగ్రామ్ విడిగా ఎక్కించాలి, లేకపోతే ఈపీఎస్ రకం బొమ్మల ఫైళ్ళు, ప్రింట్ ప్రివ్యూ దగ్గర ఇబ్బంది. విండోస్ 11 ఎక్కని పాత సిస్టమ్‌ని పారెయ్యక్కర్లేదు, లినక్స్ వేసుకోవచ్చు. అక్కడ స్క్రైబస్ యాప్‌ఇమేజ్ (నేరుగా నడిచే ఒకే ఫైలు) దించుకుని, ప్రాపర్టీస్‌లో రన్ అయ్యేలా అనుమతి ఇస్తే చాలు, ఇన్‌స్టాల్ చేసే పనే లేదు, పాత వెర్షన్ పాతచోటే ఉంటుంది. మ్యాక్ మా వైపు తక్కువ, అది స్క్రైబస్‌ని అడ్డుకుంటే సెక్యూరిటీ సెట్టింగుల్లో అనుమతి ఇవ్వాలి.

అప్‌గ్రేడ్‌లో అసలు జాగ్రత్త ఒకటుంది. 1.6లో సేవ్ చేసిన ఫైలు 1.4లో తెరుచుకోదు. చేతిలో ఉన్న పని ప్రెస్‌కి వెళ్ళేదాకా వెర్షన్ మార్చకండి, మార్చేముందు ఫైళ్ళన్నీ ఇంకోచోట కాపీ పెట్టుకోండి. ఒక సిస్టమ్ నుంచి ఇంకోదానికి పంపేటప్పుడు స్క్రైబస్‌లోని కలెక్ట్ ఫర్ అవుట్‌పుట్ వాడి, ఫాంట్లు కూడా చేర్చమని టిక్ పెడితే బొమ్మలూ ఫాంట్లూ కలిసి వస్తాయి. విండోస్ వాళ్ళ గౌతమి, నిర్మల ఫాంట్లు లినక్స్‌లో ఉండవు, అందుకే అన్నిచోట్లా ఒకేలా దొరికే ఉచిత ఫాంట్లు వాడుకోవడం మేలు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మాది, ఆయన పేరుతో కూడా ఒక మంచి ఉచిత ఫాంట్ ఉంది, గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతుంది.

ఇక పాత పేజ్‌మేకర్ ఫైళ్ళు. ఉచిత సాఫ్ట్‌వేర్ లిబ్రే ఆఫీస్‌లోని డ్రా వాటిని తెరుస్తుంది గానీ పాత ఫాంట్ అక్షరాలు యూనికోడ్ అయిపోవు. పాత ఫాంట్‌ని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్ వాడినా అక్షరం అక్షరం ప్రూఫ్ చూడాల్సిందే. పాత కంప్యూటర్ నడుస్తుండగానే ముఖ్యమైన ఫైళ్ళన్నిటికీ పీడీఎఫ్‌లు తీసి దాచుకోమని మా వాళ్ళకి చేతులు జోడించి చెబుతున్నాను.

ఈ సంగతులన్నీ తెలుగులో, స్క్రీన్ బొమ్మలతో సహా, రెండు మూడు వారాలు మీ పత్రికలో వెయ్యండి. ఇంకో మాట. కొన్ని పత్రికల ప్రకటనల విభాగాలు ఇప్పటికీ మ్యాటర్ పాత ఫాంట్‌లోనే పంపమంటున్నాయి, ఆ ఒక్క కారణంతోనే పాత సిస్టమ్ వదలని షాపులున్నాయి. మీ జిల్లా ఆఫీసులన్నిటిలో యూనికోడ్ మ్యాటర్, పీడీఎఫ్ తీసుకుంటామని ఒక ప్రకటన ఇప్పించండి.

ఇట్లు,
ఒక డీటీపీ ఆపరేటర్,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా