చిన్ననాటి క్యారల్స్: 20లోపు మీ జ్ఞాపకం పంపండి

అందరికీ నమస్తే!

డిసెంబర్ 24 సాయంత్రం 5 గంటలకి వీడియో కాల్‌లో కలుద్దాం, చిన్నప్పటి క్రిస్మస్ క్యారల్స్ మళ్లీ పాడదాం. రాత్రి ఆరాధనకి వెళ్లేవాళ్లుంటారని కాస్త ముందే పెట్టాను.

అంతకుముందే ఒక పని. మీ క్యారల్స్ జ్ఞాపకం ఒకదాన్ని రెండు నిమిషాలు దాటకుండా, 20వ తేదీలోపు వాయిస్ మెసేజ్‌గా ఇక్కడే పెట్టండి.

నాది చెప్పేస్తున్నా. టార్చి పట్టుకోవడం నా డ్యూటీ. నవ్వాపుకోలేక చెయ్యి ఊగిపోయేది, వెలుగు పాటల కాగితం మీద నిలిచేది కాదు. రెండో చరణం ఎవరికీ రాదు కదా, అక్కడ అందరం గొణిగేసి పల్లవి రాగానే గొంతు చించుకునేవాళ్లం!

కీబోర్డు లేదని దిగులొద్దు. 1818లో ఇదే డిసెంబర్ 24న ఆస్ట్రియాలోని ఒబెర్న్‌డార్ఫ్‌లో ‘సైలెంట్ నైట్’ క్యారల్ తొలిసారి పాడినప్పుడు తోడున్నది ఒక్క గిటారే. మన గ్రూపులో గిటార్ ఎవరి దగ్గరుందో వాళ్లకే తెలుసు. తీగలు సరిచూసుకోండి.

కాల్‌లో అందరం ఒకేసారి పాడితే గొంతులు కలవవు. ఒకరు పాడుతుంటే మిగతావాళ్లు మ్యూట్‌లో ఉండి పాడండి.

పాత పాటల కాగితాలుంటే ఫొటో తీసి పెట్టండి. మరకలున్నా పర్లేదు.

మళ్లీ చెబుతున్నా: 20. నాతో ఒక్కొక్కరికీ ఫోన్ చేయించకండి!