ఫార్మాట్ కొట్టే ముందు మెయిల్ ఎక్కడుందో అడగండి

సంపాదకులు గారికి,

నమస్కారం.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినప్పటి నుంచి ఒడిశాలోని మా గజపతి, రాయగడ జిల్లాల ఊళ్లలో కూడా పాత కంప్యూటర్లను రిపేరు షాపులకు మోసుకెళ్లేవారు ఎక్కువయ్యారు. కొందరు కొత్తది కొంటున్నారు, కొందరు ఉన్నదానిలోనే విండోస్ 11నో, లినక్స్‌నో వేయించుకుంటున్నారు. చాలాసార్లు మధ్యలో డిస్కును తుడిచేసే పని, అంటే ఫార్మాట్ కొట్టడం, ఉంటుంది. ఆ పనికి ముందు ఫొటోలు, వర్డ్ ఫైళ్లు, ట్యాలీ లెక్కలు దాచమని అందరూ గుర్తుచేస్తున్నారు గానీ, కంప్యూటర్‌లోకే దింపుకుని చదువుకునే ఈ-మెయిల్ సంగతి అడిగేవారు నాకు కనబడలేదు. మా గ్రంథాలయానికి జరిగింది మీ పాఠకులలో మరొకరికి జరగకూడదని ఈ లేఖ రాస్తున్నాను.

పర్లాకిమిడిలోని ఒక తెలుగు సంఘం గ్రంథాలయాన్ని మేము కొందరం కలిసి నడుపుతున్నాం. 2009 నుంచి మా ఉత్తరప్రత్యుత్తరాలన్నీ తండర్‌బర్డ్ అనే ఉచిత మెయిల్ ప్రోగ్రామ్‌లోనే సాగాయి. అప్పట్లో ఇంటర్నెట్ డాంగిల్ మీద వచ్చేది, వచ్చిన కాసేపూ నిలకడగా ఉండేది కాదు. అందువల్ల వచ్చిన మెయిల్‌నంతా ఒకేసారి దింపుకుని, తీరిగ్గా చదివి, జవాబులు రాసి పెట్టుకుని, మళ్లీ కనెక్షన్ దొరికినప్పుడు పంపడం మాకు బాగా కుదిరింది. మా ఖాతా పాప్ పద్ధతిలో, అంటే ఉత్తరాలు మెయిల్ సంస్థ వారి కంప్యూటరైన సర్వర్ నుంచి మన కంప్యూటర్‌లోకి దిగే పద్ధతిలో, ఉండేది. సర్వర్‌లో మాకు ఇచ్చిన చోటు చిన్నది కనుక, దింపుకున్న ఉత్తరం 14 రోజుల తరవాత అక్కడి నుంచి తొలగిపోయేలా పెట్టుకున్నాం. అంటే ఆ తరవాత ఆ ఉత్తరానికి మాకు అందుబాటులో ఉన్న ఒకే ఒక్క ప్రతి మా బల్ల కింది పెట్టెలో ఉన్నదే. తెలుగు మాధ్యమం బడులకు పాఠ్యపుస్తకాలు కోరుతూ మేము రాసిన అర్జీలు, వాటికి వచ్చిన జవాబులు, గిడుగు రామమూర్తి పంతులు గారి పర్లాకిమిడి రోజుల గురించి పరిశోధకులు పంపిన స్కాన్ ప్రతులు, బరంపురం, గుణుపురం, శ్రీకాకుళం మిత్రుల ఉత్తరాలు, అన్నీ అందులోనే ఉండేవి.

గత వానాకాలంలో కరెంటు పదేపదే పోయి వచ్చిన ఒక సాయంత్రం తరవాత కంప్యూటర్ తెరుచుకోలేదు. షాపుకు తీసుకెళ్లాం. అక్కడి కుర్రవాడు నిజాయితీగానే అడిగాడు: 'డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ కాపీ చేసి ఉంచుతాను, చాలా?' చాలన్నాం. తండర్‌బర్డ్ ఉత్తరాలు ఆ మూడింటిలో ఎక్కడా ఉండవని అతనికీ తెలియదు, మాకూ తెలియదు. విండోస్‌లో అవి యూజర్ ఫోల్డర్ లోపలి యాప్‌డేటా అనే దాచిన ఫోల్డర్‌లో, అందులోని రోమింగ్‌లో, దాని లోపలి తండర్‌బర్డ్‌లో, చివరికి ప్రొఫైల్స్ అనే ఫోల్డర్‌లో, అర్థంలేని అక్షరాలతో మొదలయ్యే పేరు కింద ఉంటాయి. మాలో ఒకరు ముందుచూపుతో డెస్క్‌టాప్ మీది తండర్‌బర్డ్ బొమ్మను తమ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకున్నారు కూడా. ఆ బొమ్మ దారి చూపే షార్ట్‌కట్టే గాని, అందులో ఒక్క ఉత్తరమూ ఉండదు. (ఈ పని చేసినవారు మా ఊళ్లో ఇంకా ఇద్దరు నాకు తెలుసు; నవ్వడానికి నాకు అర్హత లేదు.)

అయినా పూర్తిగా చేయి జారలేదనుకున్నాం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చి మా జిల్లాను అతలాకుతలం చేసి వెళ్లాక, కరెంటు తిరిగి వచ్చిన తరవాత, మాలో ఒక మిత్రుడు ఆ ప్రొఫైల్ ఫోల్డర్‌ను వెతికి పట్టి మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాడు. అది బీరువాలో భద్రంగానే ఉంది. దాన్ని కొత్త కంప్యూటర్‌లో పెట్టి తెరిచే ముందు లోపల ఏముందో చూస్తే, మేము పంపిన ఉత్తరాలున్న 'సెంట్' ఫైలు ఉంది, చిరునామాల పుస్తకం ఉంది, 'ఇన్‌బాక్స్' మాత్రం లేదు. 2018 దాకా మేము రాసినవి మిగిలాయి, మాకు రాసినవి పోయాయి.

ఎందుకు పోయిందో తెలుసుకోవడానికి మాకు నాలుగు రోజులు పట్టింది. తండర్‌బర్డ్ మామూలుగా ఒక్కో ఫోల్డర్‌లోని ఉత్తరాలన్నింటినీ ఒకదాని కింద ఒకటి చేర్చి ఒకే ఫైలుగా దాస్తుంది. ఆ ఫైలుకు ఇన్‌బాక్స్ అన్న పేరే తప్ప చివర చుక్క, తోక ఉండవు. పక్కనే అదే పేరుతో, .ఎంఎస్‌ఎఫ్ అన్న తోకతో ఒక చిన్న ఫైలు ఉంటుంది, అది విషయసూచిక. మనం తొలగించిన ఉత్తరం కూడా తెర మీద కనిపించకుండా పోతుందే గాని, ఫోల్డర్‌ను కుదించమని చెప్పేదాకా ఆ పెద్ద ఫైలులోనే ఉండిపోతుంది. కుదించనా అని ప్రోగ్రామ్ అడిగిన ప్రతిసారీ, ఏదో పోతుందేమోనన్న భయంతో మేము వద్దని నొక్కుతూ వచ్చాం. అలా పెరిగి పెరిగి ఆ ఒక్క ఫైలు 4 జీబీ దాటింది. పెన్‌డ్రైవ్‌లు చాలావరకు ఫ్యాట్32 అనే పద్ధతిలో సిద్ధం చేసి అమ్ముతారు. ఆ పద్ధతిలో 4 జీబీకి మించిన ఫైలు, ఎంత ఖాళీ ఉన్నా, పట్టదు. ఫైలు మరీ పెద్దదని విండోస్ ఆ రోజు చెప్పే ఉంటుంది, మా మిత్రుడు 'స్కిప్' నొక్కి ముందుకు వెళ్లిపోయి ఉంటాడు. కాపీ ముగిసింది, పెన్‌డ్రైవ్ బీరువాలోకి వెళ్లింది, ఏడేళ్లపాటు దాన్ని ఒక్కసారైనా తెరిచి చూడాలని ఎవరికీ తోచలేదు. గ్రంథాలయం నడిపేవాళ్లం, విషయసూచిక దాచుకుని పుస్తకం పోగొట్టుకున్నాం.

ఇప్పుడు మేము అనుసరిస్తున్న పద్ధతి చెబుతాను. తండర్‌బర్డ్‌లో హెల్ప్ మెనూకు వెళ్లి ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే ప్రొఫైల్ ఫోల్డర్ అని ఒక వరుస, దాని ఎదుట ఆ ఫోల్డర్‌ను తెరిచే బటన్ ఉంటాయి. దాచిన ఫోల్డర్లలో వెతుక్కోనక్కర లేదు. ఫోల్డర్ తెరుచుకున్నాక తండర్‌బర్డ్‌ను పూర్తిగా మూసివేయాలి, ఎందుకంటే ప్రోగ్రామ్ నడుస్తుండగా చేసిన కాపీలో సగం రాసిన ఫైళ్లు రావచ్చు. తరవాత ఒక మెట్టు పైకి వచ్చి ప్రొఫైల్ ఫోల్డర్‌ను మొత్తంగా, లోపల ఏది ముఖ్యమో ఏది కాదో ఏరకుండా, అంత పెద్ద ఫైళ్లు కూడా పట్టే ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో గానీ ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో గానీ సిద్ధం చేసిన డిస్కులోకి కాపీ చేయాలి. పాప్ ఖాతాల ఉత్తరాలు, లోకల్ ఫోల్డర్స్ (ఏ ఖాతాకూ చెందక కంప్యూటర్‌లోనే ఉండేవి) రెండూ మెయిల్ అనే ఫోల్డర్‌లో, ఐమ్యాప్ (ఉత్తరాలు సర్వర్‌లోనే ఉండే పద్ధతి) ఖాతాలవి ఐమ్యాప్‌మెయిల్ అనే ఫోల్డర్‌లో ఉంటాయి. చిరునామాలు, ఖాతాల అమరికలు, వడపోత నియమాలు వేర్వేరు ఫైళ్లలో ఉంటాయి. ఏరడం మొదలుపెట్టినవారు ఏదో ఒకటి మరిచిపోతారు. తండర్‌బర్డ్ 102వ వెర్షన్ నుంచి ప్రొఫైల్‌ను జిప్ ఫైలుగా ఎగుమతి చేసే సదుపాయం వచ్చింది, చిన్న ఖాతాలకు అది సుఖమే, కానీ 2 జీబీ మించిన ప్రొఫైల్‌కు అది పనికిరాదు. మాలాంటి వారికి చేతితో కాపీ చేయడమే గతి.

తిరిగి పెట్టడంలో తొందర పనికిరాదు. కొత్త యంత్రంలో వేసే తండర్‌బర్డ్ పాతదాని వెర్షనే గానీ, దానికంటే కొత్తది గానీ అయి ఉండాలి. కొత్త వెర్షన్ వాడిన ప్రొఫైల్‌ను పాత వెర్షన్ తెరవనంటుంది. కాపీ చేసి ఉంచుకున్న ఫోల్డర్‌ను ప్రొఫైల్స్‌లోకి చేర్చి, ఏ ప్రొఫైల్ వాడాలో అడిగే ప్రొఫైల్ మేనేజర్ ద్వారా దాన్ని ఎంచుకోవడం శుభ్రమైన పద్ధతి. ఉత్తరాలు మాత్రమే కావాలంటే, తోక లేని ఆ పెద్ద ఫైళ్లను, ప్రోగ్రామ్ మూసి ఉండగా, కొత్త ప్రొఫైల్‌లోని లోకల్ ఫోల్డర్స్‌లోకి వేరే పేరుతో చేర్చినా చాలు; .ఎంఎస్‌ఎఫ్ లేకపోతే తండర్‌బర్డే మళ్లీ తయారు చేసుకుంటుంది. ఐమ్యాప్ ఖాతా ఉన్నవారు ఇంకొక సంగతి గమనించాలి. ఐమ్యాప్ అంటే సర్వర్‌కూ మన కంప్యూటర్‌కూ మధ్య అద్దం వంటిది. అక్కడ తొలగించినది ఇక్కడా తొలగిపోతుంది. 'మాది ఐమ్యాప్, మాకు బ్యాకప్ అక్కరలేదు' అనేవారితో నేను ఏకీభవించలేను. సర్వర్‌లో పోయిన ఉత్తరాల కోసం పాత కాపీని తెరిస్తే, ఇంటర్నెట్ కలిసిన మరుక్షణం ఆ కాపీ కూడా సర్వర్ చెప్పిన మాటే విని ఖాళీ అవుతుంది. కనుక ముందు ఇంటర్నెట్ వైరు పీకి, తండర్‌బర్డ్ తెరిచి, కావలసిన ఉత్తరాలను లోకల్ ఫోల్డర్స్‌లోకి కాపీ చేసుకున్నాకే కనెక్షన్ ఇవ్వాలి.

అవుట్‌లుక్ అనే మైక్రోసాఫ్ట్ మెయిల్ ప్రోగ్రామ్ వాడే ఆడిటర్లు, వకీళ్లు మా వైపు ఎక్కువే. పాత తరహా అవుట్‌లుక్‌లో పాప్ ఖాతా ఉత్తరాలు పీఎస్‌టీ ఫైలులో, సాధారణంగా డాక్యుమెంట్స్ లోపలి అవుట్‌లుక్ ఫైల్స్ ఫోల్డర్‌లో ఉంటాయి. అవుట్‌లుక్ మూసి దాన్ని కాపీ చేయాలి. ఓఎస్‌టీ అని ఉండే ఫైలు సర్వర్ ప్రతిబింబం, వేరే కంప్యూటర్‌కు తీసుకెళ్లినా తెరుచుకోదు. దాన్ని భద్రంగా దాచి నిశ్చింతగా ఉన్నవారూ ఉన్నారు.

కాపీ చేసిన డిస్కు గురించి కూడా ఒక మాట. ఉత్తరాలతోపాటు పాస్‌వర్డులు కూడా ఆ ఫోల్డర్‌లోనే వస్తాయి. తండర్‌బర్డ్‌లో ఆ పాస్‌వర్డులకు తాళం వేసే ప్రైమరీ పాస్‌వర్డ్ పెట్టుకోకపోతే డిస్కు దొరికినవారు మన ఖాతా తెరవగలరు. కనుక అది తాళం వేసిన చోట ఉండాలి, ఆ చోటు కంప్యూటర్ ఉన్న గది కాకూడదు. అను అనే పాత తరహా తెలుగు ఫాంట్లతో టైపు చేసిన జోడింపులు (అటాచ్‌మెంట్లు) ఉన్నవారు ఆ ఫాంట్లను కూడా దాచుకోవాలి. మాకు తిరిగి వచ్చిన అర్జీలలో కొన్ని తెరిచినప్పుడు తెలుగుకు బదులు పిచ్చి గీతలు కనబడి, ఫైలే పాడైందనుకుని తుడిచేయబోయాం.

ఇక కాపీ తీసే తేదీ. ఫైలిన్ తుపాను 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న తీరం దాటాయి, కనుక కాపీ అక్టోబరుకు ముందే తీయాలి. ఒడిశాలో సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజకు షాపులు, కార్ఖానాలు, గ్యారేజీలు యంత్రాలను దుమ్ము దులిపి, కడిగి, బొట్టు పెడతాయి. కంప్యూటర్‌కూ బొట్టు పెడుతున్నాం కదా అని, దానికి ముందు రోజు మెయిల్ కాపీ తీసి, దాన్ని మరో కంప్యూటర్‌లో ఇంటర్నెట్ లేకుండా తెరిచి, ఇన్‌బాక్స్‌లో మొదటి ఉత్తరం, చివరి ఉత్తరం, ఒక జోడింపు తెరుచుకుంటున్నాయో లేదో చూసి, ఆ సంగతి రిజిస్టరులో రాయాలని మా సంఘం తీర్మానించింది. రిపేరు షాపుల వారిని మేము కోరేది ఇంతకంటే చిన్నది. ఫార్మాట్‌కు ముందు 'మీరు మెయిల్ దేనిలో చూస్తారు?' అని అడగండి. బ్రౌజర్‌లో అన్నవారికి సరే. ప్రోగ్రామ్ పేరు చెప్పినవారికి యాప్‌డేటా ఫోల్డర్‌ను కూడా కాపీ చేసి ఇవ్వండి. మీ పత్రిక కంప్యూటర్ శీర్షికలో ఫోన్ల గురించి తరచు రాస్తున్నారు. ఈ విషయానికి కూడా ఒక వారం చోటు ఇవ్వగలరని ఆశిస్తున్నాను.

చివరగా మీ పాఠకులకు ఒక విన్నపం. పెన్‌డ్రైవ్‌లో మిగిలిన ఇన్‌బాక్స్ విషయసూచికను తండర్‌బర్డ్‌తో కాక నోట్‌ప్యాడ్‌తో తెరిచాం. ఇంగ్లీషులో ఉన్న శీర్షికలు, పంపినవారి చిరునామాలు చాలావరకు చదవగలిగాం. తెలుగులో ఉన్నవి అర్థంకాని అక్షరాల వరుసలుగా ఉన్నాయి. చదవగలిగిన చిరునామాలకు మేమే రాస్తున్నాం, జవాబులు ఒక్కొక్కటిగా వస్తున్నాయి. 2009కీ 2025కీ మధ్య పర్లాకిమిడి తెలుగు గ్రంథాలయానికి మెయిల్ రాసినవారు ఎవరైనా ఈ లేఖ చదివితే, దయచేసి మీ 'సెంట్' ఫోల్డర్‌లో ఒకసారి వెతకండి. దొరికినదాన్ని మామూలుగా ఫార్వర్డ్ చేయకుండా, ఈఎంఎల్ ఫైలుగా సేవ్ చేసి జోడించి పంపితే, అసలు తేదీ, చిరునామా చెక్కుచెదరకుండా మా దగ్గరికి తిరిగి వస్తాయి. మా మెయిల్ చిరునామా మారలేదు.

ఇట్లు,
తెలుగు గ్రంథాలయ బాధ్యుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా