మా జీతాల కోసం లేచి నిలబడిన అమ్మగారికి

మా బడిలో ఉపాధ్యాయుల జీతాలు నెలల తరబడి ఆగిపోయాయి. చర్చి సంఘ సమావేశంలో అడిగితే, "బోధన సేవ కదా, ప్రతిఫలం దేవుడే ఇస్తాడు" అన్నారు. మేము తలలు వంచుకున్నాం.

అప్పుడు వెనుక వరుసలో మీరు లేచారు. కళ్లజోడు సవరించుకుని, బైబిల్లోని లేవీయకాండం 19వ అధ్యాయం 13వ వచనం తీసి, కూలివాని కూలి తెల్లవారేవరకు నీ దగ్గర ఉంచుకోవద్దన్న ఆజ్ఞను అక్షరాల మీద వేలు జరుపుతూ నిదానంగా చదివారు. కొత్త గోపురానికి మీరిచ్చిన చందాను ముందు జీతాలకు మళ్లించమన్నారు. మీ పిల్లలెవరూ మా దగ్గర చదవడం లేదు, మేమెవరమో కూడా మీకు తెలియదు!

ఆ వారమే బకాయిలు అందాయి. అమ్మా, మా ఉపాధ్యాయులందరి తరఫున మీకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను.