చెప్పకుండా వదిలేసిన చాప్టర్లు

అమ్మలూ,

ఫిజిక్స్‌లో కొన్ని చాప్టర్లు మీకు చెప్పనేలేదనీ, పరీక్షకు నెలన్నరే ఉందనీ రాశావు. పుస్తకం మొదటి పేజీ నుంచి ఎత్తుకోకు. ముందు ఒక పాత ప్రశ్నపత్రం టైం పెట్టుకుని రాయి. పోయిన ప్రతి ప్రశ్న పక్కనా ఒక గుర్తు వెయ్యి: పాఠమే తెలియకపోతే ‘పా’, చదివీ మరిచిపోతే ‘మ’, లెక్క తప్పితే ‘లె’. కొత్తగా చదవాల్సినవి ‘పా’లు మాత్రమే. ‘లె’లకు పాఠం ఎన్నిసార్లు చదివినా ఒరిగేదేమీ లేదు.

ఎక్కువ రోజులు సర్క్యూట్లకివ్వు. అవి రాకుండా అయస్కాంతత్వం జోలికి వెళ్లకు. 12 వోల్టుల బ్యాటరీకి 6 ఓమ్‌లు, 3 ఓమ్‌లు సమాంతరంగా కలిపితే మొత్తం నిరోధం 2 ఓమ్‌లు, కరెంట్ 6 ఆంపియర్లు. అందులో 4 ఆంపియర్లు 3 ఓమ్‌ల దారినే పోతాయి, ఎక్కువ వేడెక్కేదీ అదే. ఆ రెండింటినే శ్రేణిలో పెట్టి చూడు, 6 ఓమ్‌లది ఎక్కువ వేడెక్కుతుంది. సమాంతరంలో వోల్టేజి ఒకటే, శ్రేణిలో కరెంట్ ఒకటే. ఏది మారడం లేదో చూడకుండా ఫార్ములా వేస్తే జవాబు తలకిందులవుతుంది.

లెన్సులకు ఒక్క పుస్తకమే పట్టుకో. కొన్నిటిలో వస్తువు దూరానికి మైనస్ పెట్టి సూత్రంలో తీసివేస్తారు, కొన్నిటిలో ప్లస్ పెట్టి కూడతారు. నాభ్యంతరం 10 సెం.మీ. ఉన్న కుంభాకార లెన్సు ముందు 15 సెం.మీ. దూరంలో వస్తువుంటే, ఏ పద్ధతిలోనైనా ప్రతిబింబం 30 సెం.మీ. దగ్గరే పడాలి. ఒకదాని మైనస్ తెచ్చి రెండోదాని కూడికలో పెట్టావంటే 6 వస్తుంది. చిన్న కిరణచిత్రం గీస్తే ఆ తప్పు అక్కడే దొరికిపోతుంది. నాభికి అవతలున్న వస్తువు ప్రతిబింబం నాభికి ఇవతల పడదు కదా.

ఆధునిక భౌతికశాస్త్రానికి పేరే పెద్దది, మూడు రోజులు చాలు. కాంతి విద్యుత్ ఫలితంలో, అంటే లోహం మీద కాంతి పడి ఎలక్ట్రాన్లు బయటికి రావడంలో, అందరూ పడే గుంట ఒకటుంది: అదే పౌనఃపున్యంతో కాంతి తీవ్రత పెంచితే ఎలక్ట్రాన్ల సంఖ్య పెరుగుతుంది గానీ వాటి గరిష్ఠ శక్తి పెరగదు.

అరగంట చదివితే గంట లెక్కలు చెయ్యి. సాల్వ్ చేసిన ఉదాహరణ ఊరికే చూసేస్తే వచ్చేసినట్టే అనిపిస్తుంది, కాగితం మీద పెట్టగానే తేలుతుంది సంగతి. జవాబు మూసి చెయ్యి, తప్పినవాటిని మూడో రోజు చూడకుండా మళ్లీ చెయ్యి.

చివరి వారానికి అస్సలు ముట్టుకోని పేపర్ ఒకటి దాచిపెట్టుకో. మొదటిదాన్నే మళ్లీ రాస్తే జవాబులు గుర్తుండి మార్కులు ఉబ్బుతాయి. ఎక్కడైనా ఇరుక్కుంటే జవాబొక్కటే కాదు, కొట్టేసిన లైన్లతో సహా లెక్కంతా ఫోటో తీసి పంపు.

నాన్న