థాంక్స్‌గివింగ్ వారంలో మేము వండేవి, మీరు వండుకోవలసినవి

టెక్సస్‌లో డాలస్ దగ్గరి ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ పరిసరాల్లో మా వంటగది నుంచి భోజనం తెప్పించుకునే వారందరికీ నమస్కారం. థాంక్స్‌గివింగ్ ఆర్డర్ల గురించి కొంతకాలంగా చాలామంది అడుగుతున్నారు. ఈ ఏడాది మేము తీసుకున్న నిర్ణయం కొందరికి నచ్చకపోవచ్చు. కనుక కారణాలతో సహా చెప్పి, మీ ఇంట్లో ఆ రోజు వంట సాఫీగా సాగడానికి మాకు తెలిసిన పద్ధతిని కూడా ఇక్కడ రాస్తున్నాను.

1941లో చేసిన చట్టం ప్రకారం థాంక్స్‌గివింగ్ నవంబర్ నాలుగో గురువారం జరుగుతుంది. అందువల్ల దాని తేదీ 22కూ 28కూ మధ్య మారుతూ ఉంటుంది. మన కార్తీక మాసమూ ఏటా ముందుకో వెనక్కో జరుగుతుంది. నిరుడు కార్తీకం ముగిసిన వారానికి ఈ పండుగ వచ్చింది కాబట్టి ఏ ఇబ్బందీ లేకపోయింది. ఈ 2026లో అధిక జ్యేష్ఠం రావడంతో దీపావళి నవంబర్ 8కి జరిగి, కార్తీక పౌర్ణమి వెళ్లీ వెళ్లగానే, 26వ తేదీన, థాంక్స్‌గివింగ్ పడింది. ఇండియా నుంచి అమ్మానాన్నలో అత్తమామలో వచ్చి ఉన్న ఇళ్లలో పెద్దవాళ్లు నెలంతా నీచు ముట్టరు, కొందరు ఉల్లి వెల్లుల్లి కూడా తినరు. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలకేమో టర్కీ కోడి లేకపోతే అది థాంక్స్‌గివింగే కాదు. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని తృప్తిగా తినాలని కోరుకునే ఇళ్ల నుంచే మాకు ఈసారి ఎక్కువ ఫోన్లు వస్తున్నాయి.

అందుకని ఆ వారం, అంటే నవంబర్ 22 ఆదివారం నుంచి 25 బుధవారం దాకా, మా వంటగదిలో మాంసాహారం వండకూడదని నిర్ణయించుకున్నాము. టర్కీ కాల్చి ఇవ్వము, దమ్ బిర్యానీ ట్రేలు కూడా ఉండవు. ఏడాది మొత్తంలో మాకు ఎక్కువ ఆదాయం తెచ్చే వారాల్లో ఇది ఒకటి, ఆ ఆదాయంలో పెద్ద భాగం టర్కీదీ బిర్యానీదే. అయినా మాకున్న స్థలంలో ఒకే ఓవెన్‌లో టర్కీ కొవ్వు చిట్లుతుండగా, దాని కింది అరలో కార్తీక నియమం పాటించేవారి కూరను వేడిచేసి, ఇది మీరు నిశ్చింతగా తినవచ్చు అని చెప్పడానికి నాకు మనసొప్పలేదు. పెద్దవాళ్లు మా మాట నమ్మి తింటారు, ఆ నమ్మకాన్ని ట్రే లెక్కన చూడలేము. శనివారం 28 నుంచి మాంసాహారం మామూలుగానే దొరుకుతుంది.

రెండో మార్పు ఏమిటంటే, గురువారం వేడి భోజనం ఇవ్వము. ఆర్డర్లన్నీ బుధవారం మధ్యాహ్నం 3 నుంచి రాత్రి 8 లోపు, చల్లబరిచి, ట్రేలలో సిద్ధంగా ఉంటాయి. గురు, శుక్రవారాలు వంటగదికి సెలవు. మా దగ్గర వండేవాళ్లకూ గిన్నెలు తోమేవాళ్లకూ ఇళ్లున్నాయి, కాలేజీల నుంచి వచ్చే పిల్లలున్నారు, వాళ్లకూ ఆ పూట ఇంట్లో గడపాలని ఉంటుంది. భోజనం సంగతి చూసినా, గురువారం ఉదయం వేడిగా తీసుకువెళ్లిన కూర సాయంత్రం దాకా వంటింటి గట్టు మీద ఉండడం మంచిది కాదు. 40 నుంచి 140 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్య వేడిలో సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి కనుక వండిన పదార్థం రెండు గంటలకు మించి బయట ఉండకూడదు. చల్లగా తీసుకువెళ్లి, ఫ్రిజ్‌లో పెట్టి, తినేముందు మళ్లీ వేడిచేసుకోవడమే క్షేమం. ఇంటికి చేరడానికి అరగంట కంటే ఎక్కువ పట్టేవారు దయచేసి ఐసు వేసిన కూలర్ వెంట తెచ్చుకోండి.

ఇక మేము వండేవి. గుత్తి వంకాయ, కంద బచ్చలి, గుమ్మడికాయ దప్పళం, బీన్స్ కొబ్బరి కూర, బెల్లం పాకంలో చిలగడదుంప, చివరగా తీపి గుమ్మడికాయ హల్వా. ఇవన్నీ ఉల్లి వెల్లుల్లి లేకుండానే చేస్తాము. వంకాయలో ఉల్లి మసాలాకు బదులు నువ్వులు, వేరుశనగలు, ఎండు కొబ్బరి వేయించి దంచిన పొడి కూరుతాము. చిలగడదుంపా తీపి గుమ్మడికాయా ఈ పండుగ బల్ల మీద అమెరికన్ ఇళ్లలోనూ ఉండేవే కనుక పిల్లలు వాటిని కొత్తగా చూడరు. వీటితోపాటు క్రాన్‌బెర్రీ పులిహోర ఉంది. దాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి.

పులిహోరను కలిపి ట్రేలో పోసి ఇవ్వము, గుజ్జు మాత్రం సీసాలో ఇస్తాము. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉన్న అన్నం బిరుసెక్కుతుంది, ఎంత వేడిచేసినా మొదటి మెత్తదనం రాదు. గుజ్జుకు ఆ బాధ లేదు, ఒక రోజు ఊరితే రుచి ఇంకా పెరుగుతుంది. నువ్వుల నూనెలో ఆవాలు చిటపటలాడాక అల్లం, పచ్చిమిర్చి, ఇంగువ, పసుపు వేసి, తాజా క్రాన్‌బెర్రీలు పోస్తే ఒక్కొక్క పండు తొక్క టప్పున పగిలి, తెల్లటి కండ బయటపడి, కాసేపటికి మొత్తం ముదురెరుపు గుజ్జుగా మారుతుంది. నూనె అంచుల వెంట తేలేదాకా సన్నటి సెగ మీద మగ్గించి, దించాక ఆవపిండి కలుపుతాము. క్రాన్‌బెర్రీలో పెక్టిన్ ఎక్కువ కనుక చల్లారాక ఈ గుజ్జు జామ్ మాదిరి గట్టిపడుతుంది. అన్నంలో కలిపేముందు కొద్దిగా వెచ్చచేస్తే మళ్లీ జారుగా అవుతుంది. గురువారం ఎలక్ట్రిక్ కుక్కర్‌లో అన్నం పెట్టి, పళ్లెంలో ఆరబోసి, గుజ్జు కలిపి, పైన జీడిపప్పు తాలింపు వేసుకుంటే సరిపోతుంది, ఓవెన్‌తో పని ఉండదు. తాజా క్రాన్‌బెర్రీలు ఈ రెండు మూడు నెలలే దుకాణాల్లో ఉంటాయి. ఇంట్లో చేసుకోదలచినవారు నాలుగు సంచులు ఎక్కువ కొని ఫ్రీజర్‌లో వేసుకుంటే సంక్రాంతికి కూడా పనికివస్తాయి.

టర్కీ మీరే ఇంట్లో వండుకోవాలి కాబట్టి, ఆ వారమంతా తీరిక లేనివారిని దృష్టిలో పెట్టుకుని దాని గురించి రాస్తున్నాను. మా కస్టమర్లలో ఆసుపత్రుల్లో రాత్రి డ్యూటీ చేసే నర్సులున్నారు, రిటైల్ కంపెనీలకు పనిచేస్తూ మర్నాటి బ్లాక్ ఫ్రైడే అమ్మకాల సపోర్ట్ కోసం గురువారం కూడా ల్యాప్‌టాప్ పక్కనే పెట్టుకుని ఉండవలసిన ఇంజనీర్లున్నారు, గ్యాస్ స్టేషన్ ఆ రోజు కూడా మూయని యజమానులున్నారు. వీరందరికీ పనికివచ్చే పద్ధతి ఒకటే: గురువారం మీద పడే పనిని ఆ ముందు వారంలోనే తగ్గించుకోవడం.

అన్నిటికంటే ముందు ఫ్రిజ్‌లో చోటు చూసుకోవాలి. పాల గ్యాలన్లు, దోసెల పిండి, పెరుగు గిన్నెలు ఉన్న ఫ్రిజ్‌లో 14 పౌండ్ల పక్షి పట్టదు. గడ్డకట్టిన టర్కీ ఫ్రిజ్‌లో కరగడానికి ప్రతి 4-5 పౌండ్లకు ఒక పూర్తి రోజు పడుతుంది. 12 నుంచి 14 పౌండ్లదైతే శనివారం 21 రాత్రికి, 16 పౌండ్లు దాటితే శుక్రవారం 20 రాత్రికి ఫ్రీజర్ నుంచి ఫ్రిజ్‌లోకి మార్చండి. అన్నిటికంటే కింది అరలో, అంచులున్న పెద్ద పళ్లెంలో పెడితే కారే నీరు దేనిమీదా పడదు. మా ట్రేలూ పెద్దవాళ్ల భోజనమూ పై అరలో ఉంచండి. బుధవారం దాకా మరిచిపోయినవారు చల్లటి నీళ్లలో కరిగించవచ్చు గానీ, పౌండుకు అరగంట చొప్పున 12 పౌండ్లకు ఆరు గంటలు పడుతుంది, అరగంటకోసారి నీళ్లు మార్చాలి. మీటింగుల మధ్య ఆ పని సాగదు. గట్టు మీద వదిలి కరిగించడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

మన ఇళ్లలో కోడిని పసుపూ ఉప్పూ వేసి బాగా కడిగే అలవాటు ఉంది. టర్కీ విషయంలో దయచేసి ఆ అలవాటు మానండి. అంత పెద్ద పక్షిని సింక్‌లో కడిగితే తుంపరలు చుట్టుపక్కల గిన్నెల మీదా గట్టు మీదా పడతాయి, వాటితో సాల్మొనెల్లా వంటివి వ్యాపిస్తాయి. వాటిని చంపేది ఓవెన్ వేడి, కడగడం కాదు. అందులోనూ పక్కనే కార్తీక భోజనం వడ్డించే ఇంట్లో ఇది మరీ ముఖ్యం. కాగితపు తువ్వాలుతో తడి అద్దితే చాలు. పొట్టలోనూ మెడ దగ్గరా దాచిన పొట్లాల్లో మెడ ముక్క, కందనకాయ, కార్జం ఉంటాయి, అవి తప్పకుండా తీయండి. కందనకాయ వేపుడు చేసుకునేవారికి వేరే చెప్పనక్కరలేదు.

బుధవారం ఉదయం, లేదా మంగళవారం రాత్రి, పౌండుకు అర టీస్పూను కోషర్ ఉప్పు (పెద్ద పలుకుల ఉప్పు) చొప్పున, మిరియాల పొడి, ధనియాల పొడి కలిపి చర్మం మీదా చర్మం కిందా రుద్ది, మూత లేకుండా ఫ్రిజ్‌లో ఉంచండి. చర్మం ఆరి, కాల్చినప్పుడు కరకరలాడుతుంది. అయితే లేబుల్ మీద ఉప్పు ద్రావణం ఎక్కించినట్టు రాసి ఉన్నా, అది యూదుల ఆచారం ప్రకారం ఉప్పు పట్టించిన కోషర్ టర్కీ అయినా, అప్పటికే ఉప్పు ఉంటుంది కనుక మళ్లీ రుద్దవద్దు. అల్లం వెల్లుల్లి ముద్ద ఓవెన్ సెగకు మాడి చేదెక్కుతుంది, దాన్ని వెన్నలో కలిపి చర్మం కిందే పెట్టండి. పొట్టలో బిర్యానీ బియ్యం కూరాలని కొందరు అడుగుతారు, నా సలహా మాత్రం వద్దనే. లోపలి అన్నం 165 డిగ్రీలు చేరేసరికి బయటి మాంసం పీచులా ఎండిపోతుంది.

గురువారం లెక్క భోజనం వేళ నుంచి వెనక్కి వేయాలి. సాయంత్రం 5కు తినాలనుకుంటే, 12-14 పౌండ్ల టర్కీకి 325 డిగ్రీల దగ్గర 3 నుంచి 3¾ గంటలు పడుతుంది, తీశాక కోయడానికి ముందు కనీసం 20 నిమిషాలు కదపకుండా ఉంచాలి. కాబట్టి పన్నెండున్నర లోపు ఓవెన్‌లోకి వెళ్లాలి. రాత్రి డ్యూటీ చేసి వచ్చినవారు దాన్ని లోపల పెట్టే పని ఇంట్లో మరొకరికి అప్పగించి నిద్రపోవచ్చు, మధ్యలో చేయవలసింది ఏమీ లేదు. సమయాన్ని నమ్మకండి, థర్మామీటర్‌ను నమ్మండి: రొమ్ము మందంగా ఉన్న చోట, తొడ లోపలి వైపు, రెక్క మొదట్లో 165 డిగ్రీలు చూపించాలి, ముల్లు ఎముకకు తగలకూడదు.

మా ట్రేలకు మీ ఓవెన్‌లో చోటు దొరికేది ఇక్కడే. టర్కీని బయటికి తీసి ఫాయిల్ వదులుగా కప్పి ఉంచిన వెంటనే, ఓవెన్ 350కి పెంచి, వంకాయ, చిలగడదుంప, బీన్స్ ట్రేలను ఫాయిల్‌తో మూసి పెట్టండి. అరగంట నుంచి ముప్పావుగంటలో మధ్యభాగం దాకా కాగుతాయి. టర్కీ అంతసేపు ఉన్నా చల్లారిపోదు. టర్కీ వండిన ఓవెన్‌లో పెట్టడం పెద్దవాళ్లకు అభ్యంతరమైతే, వారి భాగాన్ని ముందే చిన్న గిన్నెల్లోకి తీసి పొయ్యి మీద వెచ్చచేయండి. దప్పళం ఎలాగూ పొయ్యి మీదే కాగాలి.

నలుగురే ఉన్న ఇంటికి మొత్తం పక్షి అవసరం లేదని నా అభిప్రాయం. ఎముకతో ఉన్న రొమ్ము భాగం 4-6 పౌండ్లది 325 దగ్గర గంటన్నర నుంచి రెండుంపావు గంటల్లో అయిపోతుంది, కరగడానికీ ఒకటి రెండు రోజులే చాలు. ఎప్పుడు ఫోను మోగి పనిలోకి దిగవలసి వస్తుందో తెలియనివారికి ఇదే అనువైనది. కాళ్లు మాత్రమే కొని ప్రెషర్ కుక్కర్‌లో ఇగురు పెట్టుకునేవారూ ఉన్నారు, అది కూడా మంచి భోజనమే.

మిగిలిన మాంసాన్ని రెండు గంటల్లోపు ఎముకల నుంచి తీసి, లోతు తక్కువ డబ్బాల్లో ఫ్రిజ్‌లో పెట్టండి, ఆదివారంలోగా తినేయండి లేదా ఫ్రీజర్‌లో వేయండి. ఎముకలతో మిరియాల చారు కాస్తే శుక్రవారం రాత్రికి దివ్యంగా ఉంటుంది. మా కూరలకూ అదే గడువు; క్రాన్‌బెర్రీ గుజ్జు మాత్రం వారం నిలుస్తుంది.

సగం ట్రే ధర ఈసారి 5 డాలర్లు పెంచాము. నెయ్యి, జీడిపప్పు ఖర్చు పెరిగింది, వాటిలో నాణ్యత తగ్గించడం మాకు ఇష్టం లేదు. గుజ్జు సీసా ధర పాతదే. ఒక సగం ట్రే పది మందికి సరిపోతుంది, రెండు మూడు రకాలు తీసుకునేవారు పన్నెండు మందికి లెక్క వేసుకోవచ్చు. ఆర్డర్లు నవంబర్ 20 శుక్రవారం రాత్రి దాకా తీసుకుంటాము, వంటగది సామర్థ్యం నిండితే అంతకు ముందే ఆపేస్తాము. వేరుశనగ, జీడిపప్పు, నువ్వులు అన్నీ ఒకే వంటగదిలో వాడతాము కనుక మీ ఇంట్లో ఎవరికైనా వీటిలో ఏదైనా పడకపోతే ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పండి. ఏ వంటకం వారికి పనికిరాదో అప్పుడే వివరంగా చెబుతాము.