బడి బల్లకు కొలత పిల్లల మోకాలి దగ్గర తీయాలి

సంపాదకుల వారికి,

నాడు-నేడు, మన ఊరు-మన బడి పనులతో రెండు రాష్ట్రాల ప్రభుత్వ బడుల్లోకి డ్యూయల్ డెస్కులు, అంటే సీటూ రాసే బల్లా కలిసి ఉండి ఇద్దరు కూర్చునే బల్లలు వచ్చాయి. పిల్లలు నేల మీంచి బల్ల మీదికి రావడం చాలా మంచి మార్పు. కానీ ఏ కొలత బల్ల ఏ తరగతిలో పడుతోందో ఎవరో ఒకరు చూసుకోవాలి. గదులు మారినప్పుడల్లా బల్లలు కలిసిపోతాయి. హైస్కూలు బల్ల రెండో తరగతిలో పడితే పాపం ఆ పిల్లల పాదాలు నేలకు ఆనవు. కాళ్ల బరువు సీటు ముందంచు మీద పడి తొడ అడుగు నొక్కుకుపోతుంది, తిమ్మిరెక్కుతుంది. కాలు ఆనించుకుందామని ముందుకు జరిగితే వీపుకు ఆసరా పోతుంది. రాసే బల్ల రొమ్ము దాకా ఉంటుంది కాబట్టి భుజాలెత్తి రాయాలి. "సరిగ్గా కూర్చో" అని గద్దిస్తే ఏం లాభం?

కొలవడానికి టేపు చాలు. పాదాలు నేలకు ఆనించి కూర్చోబెట్టి, నేల నుంచి మోకాలి వెనక మడత దాకా కొలవాలి. సీటు ఎత్తు అంతే ఉండాలి, మించకూడదు. చెప్పులు గది బయట విప్పే బడుల్లో ఒట్టి కాళ్లతోనే కొలవాలి. వీపు ఆనించి కూర్చున్నప్పుడు సీటు అంచుకీ మోకాలి మడతకీ మధ్య రెండు మూడు వేళ్లు పట్టాలి. గదిలో పొట్టీ పొడుగూ పిల్లలు కలిసి ఉంటే సీటు ఎత్తు, లోతు పొట్టివాళ్లను చూసి, వెడల్పు లావుగా ఉన్నవాళ్లను చూసి నిర్ణయించాలి. సగటు లెక్క పనికిరాదు.

యూరప్ ప్రమాణం ఈఎన్ 1729 ప్రకారం 108–121 సెం.మీ. పొడవున్న పిల్లలకు సీటు 31, బల్ల 53 సెం.మీ. ఎత్తుండాలి. 146–176.5 సెం.మీ. పొడవున్న పెద్దపిల్లలకు ఇవి 43, 71. పెద్ద డెస్కు కాళ్లు కోయిస్తే చిన్నపిల్లలకు సరిపోతుందనుకోవడం ఇక్కడే బెడిసికొడుతుంది. సీటూ బల్లా ఒకే ఫ్రేము మీద ఉంటాయి. పెద్ద డెస్కు కాళ్లు 12 సెం.మీ. కోస్తే సీటు 31కి దిగుతుంది గానీ బల్ల 59 దగ్గర ఆగుతుంది, ఇంకా 6 ఎక్కువ. కోయకుండా పిల్లల పాదాల కింద 12 సెం.మీ. పీట వేసినా లెక్క అదే. బల్లను మోసే నిలువు పైపులను కూడా 6 సెం.మీ. కోసి మళ్లీ వెల్డింగ్ చేయాలి. అప్పుడు అడుగున ఉన్న పుస్తకాల అర తొడలకు తగులుతుంది, దాన్ని తీసేయక తప్పదు. కోసిన పైపు కొనలకు రబ్బరు బుష్‌లు తొడగకపోతే గది కడిగినప్పుడల్లా నీళ్లు పట్టి తుప్పెక్కుతాయి. ఇంత పని కంటే సరైన కొలత కొనడమే చవక.

అందుకే అధికారులకు మా మనవి. జూన్‌లో బడి తెరవగానే తరగతులవారీగా మోకాలి కొలతలు తీయించి, ఇండెంట్‌లో (బల్లలు కావాలని పంపే పత్రంలో) ఒక్క సంఖ్య కాకుండా ఒక్కో కొలతకు ఎన్ని బల్లలో రాయించండి. బల్ల కాలికి కొలతకో రంగు పట్టీ వేయించండి. ఆ యూరప్ ప్రమాణంలో 31 సెం.మీ. సీటుకు ఊదా, 43కి ఆకుపచ్చ. సరుకు దిగాక, బిల్లు మీద సంతకానికి ముందు, ఆ తరగతిలో అందరికంటే పొట్టి పిల్లను ఆ సీటు మీద కూర్చోబెట్టి మడమలు నేలకు ఆనుతున్నాయో లేదో చూడండి.

– బడి ఫర్నిచర్ తయారీ పనివారు, రాజమహేంద్రవరం